రాయి తగిలింది

ముందు నీళ్ళు తోడాం.
మూడు మోటార్లు, పదకొండు రోజులు.
అరిలోవ వెనక కొండ
రోజూ పొద్దున్నే మొహం చూసుకునే చోటు
గుంటలు గుంటలుగా విడిపోయింది.

పార్కులో నడకకొచ్చే పెద్దమనుషులు
ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని అడిగారు:
"ఏటండీ ఈ కంపు, ఎన్నాళ్ళుంటాది?"
నా చేతిలో ఉన్నది కొలతల పుస్తకం.
పొడవు, వెడల్పు, లోతు.
కంపుకి అందులో గడి లేదు.

చేపల్ని వేరే మడుగులోకి మార్చడానికి
జాలారిపేట నుంచి ఎల్లాజీని పిలిపించాం.
నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి
మోకాలి లోతు బురదలో నిలబడి నవ్వాడు:
"ఇది నీరూ కాదు, నేలా కాదు బాబూ,
ఎక్కడ ఆనాలో కాలికే తెల్దు."
అయినా మునివేళ్ళతో తడిమి తడిమి
బురద కింది బురదలోంచి
ఒక్కో కొర్రమీనునీ దొంగసొత్తులా బయటికి తీశాడు.
నూట ముప్పై రెండు.
లెక్క నేనే రాశాను, పుస్తకం చివరి అట్ట మీద,
పెన్సిల్‌తో, బిల్లుకెక్కని చోట.

తరవాత పొక్లెయిన్ దిగింది.
నడిపేది దాలినాయుడు,
పార్వతీపురం అవతలి మనిషి, మాట తక్కువ.
మొదటి అడుగు: పాలిథిన్ సంచులు, గుట్కా రేకులు,
ఒక వినాయకుడి చెయ్యి,
అభయం ఇంకా ఇస్తూనే ఉంది.
రెండో అడుగు నల్లగా, కాటుకంత మెత్తగా.
రేవు మీంచి గాలి మోసుకొచ్చిన దుమ్మో
ఆకులు కుళ్ళిన నలుపో చెప్పలేను.
దాని కింద, జానెడు మందాన,
వట్టి ఆకులు, ఈనెలు, విరిగిన కొమ్మలు,
అన్నీ ఒకే రోజు రాలినవి.
దాలినాయుడు ఇంజను ఆపాడు.
"హుద్‌హుద్" అన్నాడు.
అంతే అన్నాడు.
ఆ రోజు ఎవరి రేకులు ఎటు ఎగిరాయో
ఇద్దరం కాసేపు ఎవరికి వాళ్ళం చూసుకున్నాం.

పూడిక అంటే నీటి చోటు తినే మట్టి అని
కాలేజీలో చెప్పారు. నిజమే.
ఎనిమిదడుగుల చెరువు రెండడుగులైంది.
వేసవిలో నీళ్ళు కాగేవి,
తెల్లవారుజామున చేపలు నోళ్ళు పైకెత్తి
గాలి అడుక్కునేవి.
మునగడానికి చోటు లేక బుడుబుంగ
రెండేళ్ళ కిందటే వెళ్ళిపోయింది,
ఎవరికీ అర్జీ పెట్టుకోకుండా.
అందుకే తవ్వాం. తవ్వడం తప్పు కాదు.

కానీ డ్రాయింగులో చెరువు
ఇనప బొచ్చెలా ఉంది,
ఒడ్డు నిటారుగా, అడుగు చదునుగా.
ఈశాన్యం మూల జమ్ము దుబ్బు దాకా వచ్చేసరికి
పార్కు ఊడ్చే సన్యాసమ్మ అడ్డం వచ్చింది.
పొక్లెయిన్‌కి ఎదురుగా, చీపురు పట్టుకుని.
"జమ్ముకోడి పొదుగుతున్నాదండి. ఏడు గుడ్లు.
మీ లోతు అటేపు తవ్వుకోండి.
మునిగే పిట్టకి లోతు గానీ
నడిసే పిట్టకి లోతేటి? సిత్తడుంటే సాలు."

దాలినాయుడు నా వైపు చూశాడు.
నేను పుస్తకం వైపు చూశాను.
పుస్తకం ఎవరి వైపూ చూడదు.

గడిలో రాశాను, ఈసారి ఇంకుతోనే:
ఈశాన్యం మూల, పదిహేను మీటర్లు.
రాయి తగిలింది. తవ్వకం సాధ్యం కాదు.

తనిఖీకొచ్చిన పెద్ద ఇంజనీరు
ఆ వరస మీద వేలు పెట్టి ఆగారు.
దుబ్బులోంచి నల్లటి పిల్లొకటి
తల్లి వెనక తడబడుతూ పరుగెత్తింది.
"గట్టి రాయేనా?" అన్నారు.
"చాలా గట్టిదండి" అన్నాను.
సంతకం పెట్టారు.

వానలకి కొండగెడ్డ ఎర్రగా దిగింది.
ఎల్లాజీ చేపల్ని తిరిగి వదిలాడు,
నూట ఇరవై తొమ్మిది.
ఆ మూడూ ఏమయ్యాయని నేనడగలేదు,
తిరుగుదారిలో అతని సంచీ కదులుతున్నా.

బుడుబుంగ ఇంకా రాలేదు.
లోతు మాత్రం ఉంది.